అరచేతిలో డెట్రాయిట్

అమెరికా స్పోర్ట్స్ కార్ల ప్లాస్టిక్ నమూనాలు ఒకప్పుడు డీలర్లు పిల్లల చేతుల్లో పెట్టిన ప్రచార వస్తువులు. ఆ పిల్లలే పెద్దవాళ్లయి ఇప్పుడు పోయిన అచ్చుల కోసం వెతుకుతున్నారు.

1963 నాటి కార్వెట్ స్టింగ్ రే కూపేకు వెనకద్దం రెండు ముక్కలు. నడుమ వెన్నెముకలా ఒక పట్టీ. జనరల్ మోటార్స్ డిజైన్ అధిపతి బిల్ మిచెల్‌కు ఆ పట్టీ అంటే ప్రాణం. కార్వెట్ ఇంజనీరు జోరా ఆర్కస్-డంటోవ్‌కు అది కంట్లో నలుసు. వెనక వచ్చే బండి సరిగా కనిపించదని ఆయన గొడవ. ఆ ఏడాది మిచెల్ మాట నెగ్గింది. మరుసటి ఏడాది డంటోవ్ మాట చెల్లింది, పట్టీ పోయింది. అప్పటికి తయారైన కూపేలు 10,594. వాటి యజమానుల్లో కొందరు తమ కారు కిందటేటిదని తెలిసిపోకూడదని పట్టీని కోయించి 1964 మోడల్ అద్దం బిగించుకున్నారు. కాలం గడిచేసరికి పట్టీ ఉన్న కార్లకే గిరాకీ పెరిగింది. కోయించుకున్నవాళ్లు నాలిక కరచుకున్నారు.

కారు యజమానులు అద్దంతో చేసిన పనినే డెట్రాయిట్‌లోని నమూనా కార్ల కంపెనీలు ఉక్కుతో చేశాయి. కార్వెట్, మస్టాంగ్, కమారో లాంటి కార్లను 25వ వంతు సైజులో ప్లాస్టిక్ ముక్కలుగా పోసి, డబ్బాలో పెట్టి అమ్మే కిట్లకు మూలం ఉక్కు అచ్చు. అసలు కారుకు ముందు గ్రిల్లు మారితే అచ్చులో ఆ భాగాన్ని చెక్కేసి కొత్తది పెట్టేవారు. వెనక దీపాలు మారితే వాటినీ మార్చేవారు. ఒకే అచ్చును ఏటేటా తిరగ చెక్కడం వల్ల కొత్త కిట్ చవగ్గా వచ్చేది. పాత ఏడాది కిట్ మాత్రం ఇక ఎన్నటికీ వచ్చేది కాదు. 1960ల్లో అదెవరికీ నష్టంగా తోచలేదు. పిల్లల వస్తువు, అందునా కిందటేటిది. ఎవరిక్కావాలి?

ఇప్పుడు చాలామందికి కావాలి. ఆనాడు రెండు డాలర్లలోపు పెట్టి కిట్ కొని, వంటింటి బల్ల మీద జిగురు ఒలకబోసి తిట్లు తిన్న పిల్లలకు ఇప్పుడు డెబ్బై దాటుతున్నాయి. పిల్లలు ఎదిగిపోయారు, ఇంటి అప్పు తీరింది, చేతిలో డబ్బుంది, తీరికుంది. చిన్నప్పుడు పగలగొట్టుకున్న కారును మళ్లీ కట్టాలన్న కోరిక వారిది. కానీ అప్పటి కిట్ తెరవకుండా మిగిలి ఉంటే దాని ధర వందల డాలర్లు పలుకుతోంది. అదే అచ్చుతో మళ్లీ పోద్దామంటే అచ్చు లేదు, ఉన్నా దాని రూపం మారిపోయింది. ఇది కొందరు ముసలివాళ్ల ముచ్చటగానే కనబడవచ్చు. అయితే కార్ల కంపెనీలు పక్కన పడేసిన ఒక కాలపు రూపురేఖలు ఇంత వివరంగా, ఇంతమంది ఇళ్లలో మరెక్కడా మిగల్లేదన్నది కూడా నిజమే.

ఈ కథకు పుట్టిల్లు మిచిగన్ రాష్ట్రం. 1948లో మొదలైన అల్యూమినియం మోడల్ టాయ్స్, అంటే ఏఎంటీ, మొదట అల్యూమినియంతో ఫోర్డ్ కారు నమూనాలు పోసింది. పేరు అలాగే నిలిచింది గానీ కొద్దికాలానికే కంపెనీ ప్లాస్టిక్‌లోకి మారింది. తర్వాత డెట్రాయిట్ శివారు ట్రాయ్‌లో ఈస్ట్ మేపుల్ రోడ్డు మీద స్థిరపడింది. ట్రాయ్ అంటే తెలుగువాళ్లకు కొత్త ఊరేం కాదు. 2005, 2015, 2025 సంవత్సరాల్లో తానా మహాసభలకు వేదికైన డెట్రాయిట్ ప్రాంతంలో తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడిన శివార్లలో అదొకటి. కార్ల కంపెనీలకు ఇంజనీరింగ్, సాఫ్ట్‌వేర్ పనులు చేసేందుకు వెళ్లిన తెలుగువారిలో, తాము రోజూ వెళ్లే దారిలోనే ఒకప్పుడు కోట్లాది బుల్లి కార్లకు బీజం పడిందని తెలిసినవారు బహు తక్కువ.

ఏఎంటీ మొదట చేసినవి కిట్లు కావు, కట్టి సిద్ధంగా ఉన్న ప్రచార నమూనాలు. కొత్త కారు చూడటానికి తండ్రి షోరూంకు వస్తే వెంట వచ్చిన పిల్లవాడి చేతిలో డీలరు ఒక బుల్లి కారు పెట్టేవాడు. దాని రంగు అసలు కారుకు కంపెనీ వేసే రంగుతో సరిపోయేది. ఇంటికెళ్లాక తండ్రి మర్చిపోయినా పిల్లవాడు మర్చిపోడన్నది డీలరు లెక్క. ఆ లెక్క ఎంత దూరం పనిచేసిందంటే కారు కొనని తండ్రుల పిల్లలు కూడా ఇప్పటికీ మర్చిపోలేదు. అయితే తొలి నమూనాలను ఎసిటేట్ రకం ప్లాస్టిక్‌తో పోశారు. అది ఏళ్లు గడిచేకొద్దీ వంకర్లు పోతుంది. 1950ల నాటి నమూనాల్లో నడుం విరిగినట్టు కుంగిపోయినవే ఎక్కువ కనిపిస్తాయి. 1960 ప్రాంతంలో స్టైరీన్ వచ్చాకే ఈ బాధ తప్పింది.

అసలు మలుపు 1958లో వచ్చింది. ఏఎంటీ అదే నమూనాను విడి ముక్కలుగా డబ్బాలో పెట్టి ‘ఒకదానిలో మూడు’ అంటూ అమ్మకానికి తెచ్చింది. షోరూంలో ఉన్నట్టే కట్టుకోవచ్చు, సొంత సోకులు దిద్దుకోవచ్చు, లేదా రేసు కారుగా మార్చుకోవచ్చు. అందుకు కావలసిన అదనపు ముక్కలన్నీ డబ్బాలోనే ఉంటాయి. కారు కొనే వయసు రాని కుర్రాడికి కారును మార్చే అధికారం దొరికింది. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డ్ మస్టాంగ్‌ను విడుదల చేసి ఏడాది తిరక్కుండానే నాలుగు లక్షలకు పైగా అమ్మిన కాలమది. దేశమంతా కార్ల మత్తులో ఉంటే కిట్లు అమ్ముడుపోవడంలో వింతేముంది?

కార్ల కంపెనీలు ఈ చిన్న చేతుల్ని మరో కోణంలోనూ చూశాయి. జనరల్ మోటార్స్ 1930 నుంచి 1968 దాకా ఫిషర్ బాడీ క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్ పేరిట మగపిల్లలకు పోటీలు నడిపింది. మొదట్లో నెపోలియన్ కాలపు గుర్రపు బగ్గీని అచ్చుగుద్దినట్టు చేసి చూపాలి. తర్వాత తమ ఊహలోని కారును చెక్కి పంపమన్నారు. గెలిచినవారికి కాలేజీ చదువుకు స్కాలర్‌షిప్. 1947లో గెలిచిన చక్ జోర్డన్ చివరికి జనరల్ మోటార్స్ డిజైన్ విభాగానికే అధిపతి అయ్యాడు. డబ్బా కిట్ కట్టడం వేరు, చెక్కను చెక్కి కారు చేయడం వేరు. అయినా రెండింటి వెనకా ఉన్నది ఒకే నమ్మకం. కారు రూపం గురించి ఆలోచించే హక్కు పన్నెండేళ్ల పిల్లాడికీ ఉందని అప్పటి డెట్రాయిట్ అనుకుంది. తర్వాతి డెట్రాయిట్ అలా అనుకున్న దాఖలాలు తక్కువ.

ఆ రోజులన్నీ బంగారమేం కాదు. కిట్లతో వాడే జిగురులోని టొలూయిన్‌ను మత్తు కోసం పీల్చే అలవాటు 1960ల్లో అమెరికా కుర్రాళ్లలో పాకింది. ఊళ్లకు ఊళ్లు అమ్మకాలపై ఆంక్షలు పెట్టాయి. జిగురు తయారుచేసే టెస్టర్ కంపెనీ 1969లో విచిత్రమైన విరుగుడు కనిపెట్టింది. జిగురులో ఆవనూనె సారం కలిపింది. ముక్కు దగ్గర పెడితే ఆవఘాటు నషాళానికి ఎక్కుతుంది. కొత్త ఆవకాయ జాడీ మూత తీసినవారెవరికైనా ఈ ఉపాయం ఎలా పనిచేస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక అచ్చు సంగతి. కొత్త మోడల్ మార్కెట్‌లోకి రావడానికి నెలల ముందే కార్ల కంపెనీలు దాని కొలతలు, డ్రాయింగులు రహస్యంగా నమూనా కంపెనీకి ఇచ్చేవి. వాటిని చూసి పనివాళ్లు ముందు పెద్ద సైజులో చెక్క నమూనా చేసేవారు. దాని ఉపరితలం మీద ఒక పుల్ల కదులుతుంటే, ఆ కదలికనే కుదించి మరో కొన ఉక్కు దిమ్మను కోసే యంత్రం ఉండేది. తలుపు పిడి, బోనెట్ మీది గీత, చక్రం మీద అక్షరాలు అన్నీ ఉక్కులోకి దిగేవి. కారు ఒళ్లు ఒకే ముక్కగా రావాలంటే అచ్చు అన్ని వైపులకూ జరగాలి. లేకపోతే గట్టిపడిన ప్లాస్టిక్ బయటికి రాదు. అచ్చును క్రేనుతో ఎత్తాల్సినంత బరువు. అంత ఖర్చు పెట్టి చేసినదాన్ని ఏడాదికే పక్కన పెట్టడం దండగ కాబట్టి తిరగ చెక్కేవారు. వ్యాపారంగా చూస్తే తప్పు పట్టలేం.

ఏఎంటీ నుంచి బయటికొచ్చిన జార్జ్ టోటెఫ్ 1960ల్లో పెట్టిన ఎంపీసీదీ ఇదే దారి. కార్వెట్, ఫైర్‌బర్డ్ లాంటి కార్లకు 1970ల పొడుగునా అది ఏటేటా కిట్లు తెచ్చింది. కొత్తది వచ్చినప్పుడల్లా పాతది చరిత్రలో కలిసేది. కొన్ని అచ్చులకు మరీ దుర్గతి పట్టింది. పాత మోడల్ కార్లను మట్టి ట్రాకుల మీద పరుగెత్తే రేసు బండ్లుగా అమ్మాలనుకుని, చక్రాల దగ్గర ఒంటిని కోసేశారు. కోసిన ఉక్కు మళ్లీ అతకదు. డెట్రాయిట్‌కే చెందిన జో-హాన్ కంపెనీ కథ మరో రకం. జనరల్ మోటార్స్, ఫోర్డ్, క్రైస్లర్ల నీడలో బతికిన అమెరికన్ మోటార్స్ 1968 నుంచి 1970 దాకా ఏఎంఎక్స్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు చేసింది. దాని కిట్లు జో-హాన్ పోసింది. 1987లో అమెరికన్ మోటార్స్ క్రైస్లర్‌లో కలిసిపోయింది. జో-హాన్ కూడా చేతులు మారి కనుమరుగైంది, దాని అచ్చులు చెల్లాచెదురయ్యాయి. కారూ లేదు, కంపెనీ లేదు, కిట్ చేసినవాళ్లూ లేరు. మిగిలినవి ఎవరి అటక మీదో ఉన్న డబ్బాలే.

విచిత్రమేమిటంటే డెట్రాయిట్‌కు దూరంగా ఉన్న కంపెనీలే అచ్చుల్ని మెరుగ్గా కాపాడాయి. కాలిఫోర్నియాలో పుట్టిన రెవెల్, షికాగోలో పుట్టిన మోనోగ్రామ్ కార్ల కంపెనీల ఏటేటి క్యాలెండరు మీద అంతగా ఆధారపడలేదు. విమానాలు, ఓడలతోపాటు తమకు నచ్చిన కారును ఎంచుకుని చేసేవి, దాన్నే ఏళ్ల తరబడి అమ్మేవి. ఈ రెండూ 1986లో ఒక్కటయ్యాయి. తర్వాత యజమానులు మారుతూ 2007లో హాబికో చేతికి వచ్చాయి. 2018 జనవరిలో హాబికో దివాలా పిటిషన్ వేసేసరికి అభిమానుల గుండెల్లో రాయి పడింది. దివాలా కోర్టుల్లో ఉక్కుకు తూకం ధర తప్ప జ్ఞాపకాలకు ధర ఉండదు మరి. చివరికి మ్యూనిక్‌కు చెందిన క్వాంటమ్ క్యాపిటల్ పార్ట్‌నర్స్ రెవెల్‌ను కొంది. అమెరికా స్పోర్ట్స్ కార్ల బాల్యం పగ్గాలు ఇప్పుడు జర్మనీ చేతిలో ఉన్నాయి. ఏఎంటీ కూడా తక్కువ తిరగలేదు. బ్రిటన్‌లో మ్యాచ్‌బాక్స్ కార్లు చేసే లెస్నీ, తర్వాత అయోవాకు చెందిన ఎర్టెల్ చేతుల మీదుగా ఇండియానాలోని రౌండ్ 2 దగ్గరికి చేరింది. ఎంపీసీ ఇప్పుడు దాని తోబుట్టువే.

కట్టడం ఎలా ఉంటుందో తెలియకపోతే ఇదంతా పట్టింపు లేని గోలగా తోచవచ్చు. డబ్బా విప్పితే వంద దాకా ముక్కలు చట్రాలకు అంటుకుని ఉంటాయి. కోయాలి, అంచులు గీకాలి, ఎమరీ పేపరుతో నునుపు చేయాలి. ఒంటికి ముందు ప్రైమర్, ఆపైన పలచగా నాలుగైదు పొరల రంగు, మధ్యమధ్య ఆరబెట్టడం. తొందరపడితే రంగు కారి మరకలు కడుతుంది, మళ్లీ మొదటికి రావాలి. అద్దాల చుట్టూ ఉండే మెరుపు అంచుల కోసం వెంట్రుకంత పలచని లోహపు రేకును అతికించి బ్లేడుతో కోస్తారు. ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ వైర్లు ఏ వరుసలో వెళతాయో పాత రిపేరు పుస్తకాల్లో చూసి మరీ కలిపేవాళ్లున్నారు. బోనెట్ మూస్తే అవి ఎవరికీ కనిపించవు. పూర్తయ్యాక 1963 కార్వెట్ పొడవు ఏడంగుళాలు. ఇందులో ఒక తమాషా ఉంది. 1953లో చేతితో కట్టిన తొలి 300 కార్వెట్ల నుంచీ ఆ కారు ఒళ్లు ఇనుపరేకు కాదు, ఫైబర్‌గ్లాస్. అంటే అసలు కార్వెట్టే సగం ప్లాస్టిక్ కారు. పోతలోహంతో చేసి అమ్మే ఖరీదైన షోకేసు నమూనాల కంటే కిట్టే దానికి దగ్గర చుట్టం.

కట్టేవాళ్లు, కూడబెట్టేవాళ్లు అని రెండు తెగలున్నట్టు కనబడినా చాలామంది రెంటిలోనూ ఉంటారు. ఏడాదికి ఐదారు కట్టేవాడు యాభై కొంటాడు. మళ్లీ ఎప్పటికి పోస్తారో తెలియని వస్తువు కదా అన్నది వారి సమర్థన. నిలవ ఉన్నవన్నీ కట్టాలంటే మరో జన్మ ఎత్తాలని వారే నవ్వుకుంటారు. ఈ బృందాల్లో పాతుకుపోయిన మరో జోకు ఉంది. ‘నేను పోయాక మా ఆవిడ వీటిని నేను చెప్పిన రేటుకే అమ్మేస్తుందేమోనని భయం’. జోకు వెనక నిజం లేకపోలేదు. యజమాని పోయాక వందల డబ్బాలు ఒక్కసారిగా సంతకు రావడం ఇప్పుడు మామూలైంది. వాటిని కొనేదీ అదే వయసువాళ్లు. సంత తిరుగుతోంది గానీ పెరగడం లేదు.

ఎందుకు పెరగలేదన్నదానికి వీడియో గేముల మీద నెపం వేయడం పరిపాటి. అది సగం నిజం. 1970ల్లో చమురు ధరలతోపాటు ప్లాస్టిక్ ధర పెరిగింది. రెండు డాలర్ల వస్తువు ఇప్పుడు ముప్ఫై దాటింది. పాకెట్ మనీతో కొనుక్కునే స్థితి పోయింది. ఒకప్పుడు నమూనాల కోసం ఎదురు డబ్బిచ్చిన కార్ల కంపెనీలు తర్వాత పేరు, ముద్ర వాడుకున్నందుకు లైసెన్సు రుసుం అడగడం మొదలెట్టాయి. అన్నిటికంటే పెద్ద కారణం కారే. ఏటా సెప్టెంబరులో కొత్త మోడల్ కోసం ఊరంతా షోరూం కిటికీకి అతుక్కుపోయే రోజులు పోయాయి. ఇప్పటి కుర్రాళ్లకు నచ్చే కార్లు వేరు. స్కైలైన్, సుప్రా లాంటి జపాన్ కార్ల కిట్లకు తమియా, అవోషిమా కంపెనీలున్నాయి. అమెరికా కార్లలోనూ తమియా ఎంచుకున్నవి కొత్త తరం ఫోర్డ్ జీటీ, మస్టాంగ్ జీటీ4 లాంటివి. 2001లో మొదలైన ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ సినిమాల పుణ్యాన డాడ్జ్ చార్జర్ కిట్ కొత్త తరం చేతుల్లోకి వెళ్లింది. తాతలు దాన్ని చిన్నచూపు చూస్తారు. చూడకూడదు. వచ్చే గిరాకీ ఆ తలుపులోంచే వస్తుంది.

పోయిన కిట్లను వెనక్కి తెచ్చే పని మాత్రం అనుకోనంత జోరుగా సాగుతోంది. అటక మీద మిగిలిన పాత కిట్‌ను తెచ్చి, ముక్క ముక్కనూ స్కాన్ చేసి, కంప్యూటర్‌లో దిద్ది, మళ్లీ ఉక్కులో కోయడం రౌండ్ 2 కొన్నేళ్లుగా చేస్తున్న పని. చెక్కేసిన భాగాల్ని మాత్రమే కొత్తగా చేసి, మిగిలిన పాత అచ్చుతో కలిపి పోస్తారు. ఇంట్లో త్రీడీ ప్రింటరున్న ఔత్సాహికులు పోయిన బంపరునో చక్రాన్నో తామే అచ్చేసుకుంటున్నారు. అయితే అన్నీ తిరిగి రావు. కొత్త అచ్చుకు లక్ష డాలర్లకు పైమాటే. కొన్ని వేల డబ్బాలన్నా అమ్ముడుపోతాయన్న నమ్మకం లేనిదే ఎవరూ చేయి పెట్టరు. 1963 కార్వెట్‌కు ఎప్పుడూ కొనేవాళ్లుంటారు. ఏఎంఎక్స్‌కు అంతమంది ఉంటారని ఎవరు హామీ ఇస్తారు?

పైగా ఈ కిట్లలో చాలా వరకు చాలాకాలంగా చైనాలో తయారవుతున్నాయి. డెట్రాయిట్ కారు, షికాగో డబ్బా బొమ్మ, చైనా ప్లాస్టిక్. 2025 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం చైనా వస్తువుల మీద సుంకాలను 145 శాతానికి పెంచి, మేలో 30 శాతానికి తగ్గించినప్పుడు ఈ చిన్న పరిశ్రమ కూడా ఆ ఊయల ఊగింది. అమెరికా ఘనతను పునరుద్ధరిస్తామన్న విధానం అమెరికా ఘనతను బొమ్మ కట్టే వస్తువు మీదే పడటం విధి వైపరీత్యం.

భారత్‌లో ఈ అభిరుచి ఉన్నవారికి సుంకాల బాధ అంతకు ముందే తెలుసు. 2016లో ఫోర్డ్ ఇక్కడ మస్టాంగ్‌ను రూ. 65 లక్షలకు ప్రవేశపెట్టింది. ఆ ధరకు కారు కొనలేనివాడు కిట్ కొనుక్కుందామన్నా చిక్కే. కస్టమ్స్ పద్దుల్లో చిన్నపిల్లల బొమ్మలు, తగ్గించిన సైజు నమూనాలు ఒకే శీర్షిక కింద ఉంటాయి. బొమ్మల దిగుమతి సుంకాన్ని కేంద్రం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. చైనా సరుకు పోటీ నుంచి దేశీయ బొమ్మల తయారీదార్లను కాపాడటం దాని ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని తప్పు పట్టనక్కర్లేదు గానీ, గిలక్కాయనూ నలభై ఏళ్ల ఇంజనీరు రాత్రిళ్లు కూర్చుని కట్టే కార్వెట్‌నూ ఒకే గాటన కట్టడంలో ఔచిత్యం ఎంతన్నది ప్రశ్న. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్నవాడికి దిక్కు ఒక్కటే. అమెరికా నుంచి వచ్చే అన్నయ్యో బావో సూట్‌కేసులో చోటివ్వాలి. పచ్చళ్లు అటు, కార్లు ఇటు.

హాబికో దివాలా తీసినప్పుడు జర్మన్లకు పోని అచ్చులు కొన్ని ఉన్నాయి. రెవెల్, మోనోగ్రామ్, అరోరా కంపెనీల పాత సరుకు అది. వాటిని న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లోని అట్లాంటిస్ అనే చిన్న కంపెనీ కొని, తుప్పు వదిలించి, అమెరికాలోనే మళ్లీ పోస్తోంది. వాటిలో కొన్నిటికి అరవై ఏళ్లు నిండాయి. ఉక్కు అరిగి అచ్చు రెండు దవడలూ ఒకప్పటిలా బిగుతుగా మూసుకోవు. ఆ సందులోంచి కారిన ప్లాస్టిక్ ప్రతి ముక్క అంచునా ఉల్లిపొరలా అంటుకుని వస్తుంది. డబ్బా విప్పినవాడు మొదట చేయాల్సింది ఆ పొరను బ్లేడుతో గీకడం.